ఫొటోలో ఉన్న పాపను తీసుకురండి

పసిపిల్లల భత్యం ఆలస్యంగా వస్తోందని గోల పెట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఆలస్యంగా రావడమే దాని గొప్పతనమండీ! వెంటనే వచ్చే డబ్బు వెంటనే పోతుంది. మూడున్నరేళ్ల తర్వాత వచ్చే డబ్బు కోసం ఎదురుచూస్తూ ఒక సంసారం ఎంత పొదుపు నేర్చుకుంటుందో మీకేం తెలుసు?

మా పెద్దది పుట్టిన నలభయ్యో రోజున సర్కారు ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. ఏడాది నిండేదాకా పాలపౌడరుకు నెలనెలా ఇస్తామన్నారు. ఫొటో కావాలన్నారు. కళ్లు తెరిచి ఉండాలట, నోరు మూసి ఉండాలట, రెండు చెవులూ కనపడాలట. నలభై రోజుల పిల్ల ఈ మూడూ ఒకేసారి చేస్తుందా? చేసింది! స్టూడియో అతను గంటన్నర గిలక్కాయ ఊపితే, ఒక్క క్షణం పై అధికారిలా చూసింది.

ఇక పొదుపు సంగతి. భత్యం వస్తుందన్న ధీమాతో మా ఆవిడ మొదటి డబ్బా కొంది. రెండో డబ్బా నాటికి ఆ ధీమా పోయింది. డబ్బా మీద మూడు చెంచాలని రాసి ఉంటే రెండు వేసేది. నెలాఖరుకు ఒకటిన్నర. సీసా ఎత్తి పట్టుకుంటే పాలలోంచి ఎదురుగోడ కనపడేది. నేను సిగరెట్టు మానేశాను, సాయంత్రం టీ మానేశాను, ఆఫీసుకు నడవడం మొదలెట్టాను. నా ఆరోగ్యం బాగుపడింది. ఇంత క్రమశిక్షణ ఏ బ్యాంకు మేనేజరు నేర్పగలడు? పెద్దది మాత్రం కాస్త గొణిగేది. గొణగడం కాదు లెండి, ఏడ్చేది.

మొన్న కబురొచ్చింది, మొత్తం ఒకేసారి మంజూరైందని. పాపను తెచ్చి చూపించమన్నారు. పెద్దదాన్ని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, రెండు నెలల చిన్నదాన్ని ఎత్తుకుని వెళ్లాం. గుమాస్తా ఫొటో చూశాడు, పెద్దదాన్ని చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు.

"ఈ పాప కాదండీ. ఫొటోలో ఉన్న పాపను తీసుకురండి."

"ఆ పాపేనండీ. పెరిగింది," అన్నాను.

"పెరిగితే ఎలాగండీ? ఫైల్లో ఎక్కడా రాయలేదే!"

ఎంత నిక్కచ్చి మనిషో చూడండి! కన్నతండ్రిని, రోజూ చూస్తున్నవాణ్ణి, చెప్పులు బిగుతైతే తప్ప పిల్ల పెరిగిందని నాకే తెలియదు. ఆయన ఒక్క చూపులో కనిపెట్టేశాడు.

అంతలో ఆయన చూపు మా ఆవిడ ఒళ్లోకి పోయింది. మొహం వెలిగిపోయింది.

"ఇదుగో, ఈ పాపే కదా! ఆ ముక్కూ, ఆ బట్టతలా, అచ్చం ఫొటోలోలాగే! ముందే చూపించొచ్చుగా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. మా ఆవిడ నా కాలు తొక్కింది. స్టాంపు పడింది.

అలా చిన్నదాన్ని చూపించి పెద్దదాని డబ్బు తెచ్చుకున్నాం. చిన్నదాని దరఖాస్తు కూడా అక్కడే ఇచ్చేశాం. ఈ లెక్కన అది మంజూరయ్యేనాటికి మాకు మూడోది ఒళ్లో ఉండాలి. ఈ మాట బస్సులో మా ఆవిడతో అన్నాను. అప్పట్నుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇదీ భత్యం పుణ్యమే!

వస్తూ వస్తూ పాలపౌడరు డబ్బా కొన్నాం. ఇంటికి రాగానే మా ఆవిడ మూడు చెంచాలూ నిండుగా వేసి, చిక్కగా కలిపి చిన్నదానికి పట్టింది. పెద్దది పక్కనే నిలబడి సీసా వంక చూస్తోంది.

"నాన్నా, అవి నా డబ్బులతో కొన్న పాలేనా?"

"అవునమ్మా, నీ డబ్బులే."

"మరి నేను చిన్నప్పుడు ఏం తాగాను?"

మా ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ఇంతసేపూ మీకు ఇన్ని లాభాలు ఏకరువు పెట్టిన నేను, చివరికి ఆ ప్రశ్నేదో కాగితం మీద రాసి, ఫొటో అంటించి ఆ ఆఫీసులో ఇమ్మన్నాను.

దానికింకా రాయడం రాదు. పరవాలేదు, అక్కడ తొందరేం లేదు.