మాత్రలకు బొట్టు

ఆ ఆదివారం ఇంద్రాణికి ఉన్నది ఒకే ఒక్క పని, మొగుడితో కలిసి కళ్యాణదుర్గంలో మ్యాట్నీ చూడడం. పెళ్లయి రెండు నెలలు కూడా కాలేదు. కుందుర్పి బస్సు కిటికీలోంచి ముఖాన కొట్టే వేడిగాలి కూడా ఆమెకు ఎవరో పక్కన నిలబడి విసనకర్రతో విసురుతున్నట్టే ఉండేది. జడ వేసుకుని, కొత్త చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉండగా వసారాలోంచి మామ బయ్యన్న కేక వినబడింది.

"ఒరే అభిలాషూ! ఎర్ర మాత్ర యాడరా?"

అత్త రామసుబ్బమ్మకు షుగరు, బి.పి. రెండూ ఉన్నాయి. పైగా రెండు కళ్లకూ శుక్లాలు ముదిరిపోయాయి. మాత్రలు అందించే ఉద్యోగం బయ్యన్నది. ఆయనకు తెలిసిన వైద్యమంతా రెండు రంగుల్లో ఉంది. ఎర్రది బి.పి.కి, తెల్లది షుగరుకు. ముందురోజు కొడుకు అభిలాష్ తెచ్చిన షీట్లలో రెండు రకాలూ తెల్లగానే ఉన్నాయి.

"కంపెనీ వేరే నాయనా. పేరు మారింది గానీ లోపల మందు అదే. చవకగా వస్తాదని షాపాయప్ప ఇచ్చినాడు" అన్నాడు అభిలాష్.

"చవకగా వచ్చేది అదే ఎట్లయితాదిరా? గురువారం కంటి ఆపరేషన్ల క్యాంపు. పోయినసారి షుగరు ఎక్కువుండాదని మీయమ్మను వాకిట్లోంచే పంపిచ్చిరి. ఈతూరి గూడా పంపిస్తే దానికి లోకం నువ్వు చూపిస్తావా?"

ఇంద్రాణి పాత షీటు, కొత్త షీటు పక్కపక్కన పట్టుకుని వచ్చింది. "చూడండి మామా. పైన పెద్దక్షరాలు కంపెనీవాళ్లు పెట్టుకున్న పేరు. కింద చిన్నక్షరాల్లో ఉండేదే అసలు మందు. రెండిట్లోనూ ఒకటే రాసుంది. సేనక్కాయ నూనె ఏ గానుగలో ఆడించినా సేనక్కాయ నూనే కదా?"

"అంతా ఒకటే అయితే మనూర్లో గానుగ పెట్టుకోని నేను పక్కూరికి పోయి ఎందుకు ఆడిచ్చుకోనొస్తా?"

ఇంద్రాణి చదివిన బి.ఎస్సీ.లో గానుగల పాఠం లేదు. బస్సుకు వేళవుతోంది. అప్పుడే ఇంద్రాణికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. దేవుడి గూట్లోంచి భరిణెలు తెచ్చి, షుగరు షీట్ల మీద ఒక్కో మాత్రకూ తడిపసుపుతో ఒక్కో బొట్టు, బి.పి. షీట్ల మీద కుంకుమతో ఒక్కో బొట్టు ముద్దుగా పెట్టింది.

"పసుపు షుగరుకు, కుంకుమ బి.పి.కి. ఇది బాగుండాది!" అని బయ్యన్న మురిసిపోయాడు. రామసుబ్బమ్మ తల ఊపింది. షీట్లను ఇత్తడి తట్టలో పేర్చి గూట్లో పెట్టి, ఇంద్రాణి మొగుడి వెంట బస్సుకు పరుగెత్తింది. పెద్దాయన చేని దిక్కు పోయాడు.

కాసేపటికి ఎదురింటి తిమ్మక్క మజ్జిగకని వచ్చింది. గూట్లో దీపం పక్కన, ఇత్తడి తట్టలో, పసుపు కుంకుమలతో కళకళలాడుతున్న మాత్రలను చూసి చెంబు కింద పెట్టేసింది.

"ఏంది సుబ్బక్కా ఇది? మాత్రలకు బొట్టు పెట్టినారు?"

"మా కోడలు పెట్టి పోయిందిలే. ఇవి ఏసుకుంటే గురువారానికి షుగరు దిగుతాదంట."

తిమ్మక్క చెంపలు వేసుకుంది. చదువుకున్న పిల్ల, ఊరికే పెడుతుందా? మంత్రించే పెట్టి ఉంటుంది. "నాకూ షుగరే కదక్కా. ఒక షీటియ్యి."

"మందు గదా తిమ్మీ, ఇంకొకరికి ఇయ్యగూడదు."

"పసుపూ కుంకుమా పెట్టినదాన్ని ముత్తైదువ నోరు తెరిచి అడిగితే లేదంటావా?"

ఆ మాటతో రామసుబ్బమ్మ ఒక షీటు తమలపాకులో పెట్టి ఇచ్చింది. వాకిట్లోకి వచ్చిన ముత్తైదువను ఆమె ఏనాడూ వట్టి చేతులతో పంపలేదు. తిమ్మక్క వీధి దాటకముందే వార్త వీధి దాటింది. ఒకరికిచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే మాటొస్తుంది. రామసుబ్బమ్మ కత్తెర తెప్పించి, షీట్లను వేళ్లతో తడుముకుంటూ ముక్కలుగా కత్తిరించి, వచ్చినవాళ్లందరికీ తమలపాకులో పెట్టి ఇచ్చింది.

సాయంత్రం తల్లో మల్లెపూలతో, నోట్లో సినిమా పాటతో ఇంద్రాణి ఇంట్లో అడుగుపెట్టేసరికి గూట్లో తట్ట ఖాళీగా ఉంది. అత్త చెప్పింది విన్నాక పాట ఆగిపోయింది. గురువారం దాకా వేసుకోవడానికి మాత్రలు లేకపోవడం ఒక ఎత్తు. షుగరు లేనివాళ్లెవరైనా షుగరు మాత్ర మింగి ఉంటే?

"తిమ్మక్క కండ్లు తిరిగి పడిపోయిందంట!" అంటూ అభిలాష్ వీధిలోంచి పరుగున వచ్చాడు.

ఇద్దరూ ఎదురింటికి పరుగెత్తారు. తిమ్మక్క నులకమంచం మీద వాలి ఉంది.

"అత్త ఇచ్చిన మాత్రలు ఎన్ని వేసుకున్నావు తిమ్మక్కా? నిజం చెప్పు!"

"అయ్యో, బొట్టు పెట్టినదాన్ని ఎవురన్నా మింగుతారా పాపా? కండ్లకద్దుకోని దేవుని పటం ఎనక పెట్టినా."

వీధంతా అదే కథ. ఒకామె గడపకు కట్టింది. ఒకామె బియ్యం డబ్బాలో దాచింది. ఇంకొకామె పాలివ్వని ఆవు మెడలో వేలాడదీసింది. కడుపులోకి పోయింది ఒక్కటీ లేదు. ఇంద్రాణి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"మరి కళ్లెందుకు తిరిగాయి?"

"అది దినామూ ఉండేదే. నా మాత్రలు ఏసుకుంటే అంతే."

ఆ మాత్రలు తెప్పించి చూసింది ఇంద్రాణి. రెండు షీట్లు. ఒకటి గవర్నమెంటు ఆస్పత్రిలో ఇచ్చింది, ఇంకొకటి ప్రైవేటు డాక్టరు రాసింది. పెద్దక్షరాల్లో రెండు వేరు పేర్లు. చిన్నక్షరాల్లో ఒకే మందు. తిమ్మక్క ఎవరి మనసూ నొప్పించకుండా రోజూ రెండూ మింగుతోంది.

"రెండూ ఒకటే తిమ్మక్కా! డాక్టరును అడిగేదాకా రెండూ కలిపి వేసుకోవద్దు. గురువారం మాతో రా, అడుగుదాం. అట్లే... మా అత్త మాత్రలు ఇచ్చేయవా?"

తిమ్మక్క మంచం మీద లేచి కూర్చుంది. "తమలపాకులో పెట్టిచ్చినదాన్ని ఎనక్కి అడుగుతారా యాడన్నా? మీ పుట్టింట్లో ఇట్లనే చేస్తారా?"

వీధిలో అందరిదీ ఇదే మాట. పుట్టింటి పరువు కూడా మధ్యలోకి వచ్చేసరికి ఇంద్రాణికి పట్టుదల పెరిగింది. "వెనక్కి కాదు, మార్పిడి. ఎవరి మాత్రలు వాళ్లు తీసుకురండి. వాటికే బొట్టు పెడతాను. మావి మాకు ఇచ్చేయండి" అంది.

మర్నాడు పొద్దున బయ్యన్న అరుగు మీద వీధంతా కూర్చుంది. ఇంద్రాణి ఒక్కో షీటు మీదా చిన్నక్షరాలు చదివి, దేనికో, ఎప్పుడో చెప్పి, బొట్టు పెట్టింది. ఒకే మందు రెండు పేర్లతో ఉంటే డాక్టరుకు చూపించమని పక్కన పెట్టింది. ఆవు మెడలోది కూడా చెక్కుచెదరకుండా తిరిగొచ్చింది. అయితే తాము తిరిగిచ్చిన మాత్రలు ఏమవుతున్నాయో చూడాలని ఆ రోజు నుంచి రెండు పూటలా ఎవరో ఒకరు వాకిట్లోకొచ్చి, "ఏసుకున్న్యావా సుబ్బక్కా?" అని అడిగి, మింగేదాకా చూసిగానీ కదిలేవాళ్లు కాదు.

గురువారం ఆస్పత్రిలో లేత మీసాల డాక్టరు కాగితం చూసి, "షుగరు, బి.పి. రెండూ అదుపులో ఉన్నాయమ్మా. ఈ రోజే ఆపరేషన్ చేద్దాం" అన్నాడు. తర్వాత మాత్రల షీట్లు చూసి అయోమయంగా తలెత్తాడు.

"కంపెనీ పేరు చూడగూడదు సారూ, కింద చిన్నక్షరాలు చూడల్ల" అని వెనకనుంచి తిమ్మక్క ఆయనకు నేర్పింది.

బెంచీ మీద కూర్చున్నాక ఇంద్రాణి ఆనందం పట్టలేక అత్త చెయ్యి పట్టుకుంది. "బొట్లు ఎంత పని చేశాయో చూశావా అత్తా?"

"బొట్లా? నాకు యాడ కనపడతాయి పాపా? పెద్దది షుగరుకు, చిన్నది బి.పి.కి. పాతవీ అంతే, కొత్తవీ అంతే. ఏలికి తగిలితే తెలీదా?"

ఇంద్రాణి తెల్లబోయింది. "మరి ఆ రోజే చెప్పొచ్చు కదత్తా?"

"మీ మామ ఇన్నేండ్లుగా ఎర్రది, తెల్లది అని సంబరంగా అందిస్తాండాడు. నువ్వేమో సినిమాకు పోయే సంబరంలో బొట్లు పెడతాంటివి. ఇద్దురి సంబరం నేనెందుకు చెడగొట్టల్ల?"

నర్సు వచ్చి రామసుబ్బమ్మను లేపింది. ఆమె నాలుగడుగులు వేసి, ఆపరేషన్ గది తలుపు దగ్గర ఆగిపోయింది. పట్టుకున్న కోడలి చెయ్యి వదల్లేదు.

"పాపా, సంచిలో కుంకుమ ఉండాదా?"

"ఉంది. ఎందుకత్తా?"

"ఆ డాక్టరు నొసటిన ఇంత పెట్టు. గొంతు చూస్తే చిన్నపిల్లోని మాదిరి ఉండాడు."

ఇంద్రాణి భరిణె మూత తీసింది.