మలుపు దగ్గర మూడు లెక్కపెట్టాలి

ఆ రోజు పొద్దున డ్రైవింగ్ మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కూతురు డ్రైవింగ్ టెస్టుకు వెళ్తుంది. పదిన్నరకు పాసై తిరిగొస్తుంది. పదకొండింటికి తన ఆట తాను ఆడుకుంటుంది. మాస్టారు వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటారు. ఇంత చిన్న పథకంలో చెడిపోవడానికి ఏముంటుందని మీరూ అనుకుంటారు, ఆయనా అనుకున్నారు.

మాస్టారు ఇరవై రెండేళ్ళుగా కారు నేర్పుతున్నారు. ఆ ఇరవై రెండేళ్ళలో ఆయన కారు వేగం ముప్పై దాటలేదు. ప్రతి మలుపు దగ్గరా ఆగాలి, కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, మనసులో ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టాలి, అప్పుడు కదలాలి. వెనక నుంచి సైకిళ్ళు దాటిపోయినా సరే, నడిచేవాళ్ళు జాలిగా చూసి దాటిపోయినా సరే. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో టెస్టు తప్పినవాళ్ళు లేరు, ఒక్కరు తప్ప. ఆ ఒక్కరూ ఆయన సొంత కూతురే. మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ తప్పింది, మూడుసార్లూ కారణం వేగమే. దీపం కింద చీకటి అంటే ఇదేనని వీధి చివర కొత్తగా డ్రైవింగ్ స్కూలు పెట్టినవాడు అందరికీ చెప్పి మరీ నవ్వుతున్నాడు.

ఇరవై ఒక్కేళ్ళ ఆ పిల్ల ప్రాణమంతా కంప్యూటర్లో తుపాకీ ఆట మీద ఉంది. అయిదుగురు ఇటు, అయిదుగురు అటు. పాడుబడ్డ గోదాముల మధ్య పరుగెత్తుతూ ఒకరినొకరు కాల్చుకోవాలి. తెర మీద మన చేతులూ తుపాకీ తప్ప ఒళ్ళు కనిపించదు. రెప్ప వేస్తే పైకి పోయినట్టే. ఆ ఆటలో ఆమె పేరు బుల్లెట్, ఇంట్లో కూడా అదే స్థిరపడిపోయింది. ఆనాటి మ్యాచ్ గెలిస్తే పెద్ద పోటీలకు వెళ్ళే జట్టులో ఆమె చోటు ఖాయం. ఆ సమయానికి కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం జట్టు మొత్తం ఓడినట్టే లెక్క.

"నాన్నా, టెస్టు వచ్చే వారం పెట్టుకుందాం. రెండేళ్ళు కష్టపడ్డాను ఈ మ్యాచ్ కోసం" అని కూతురు బతిమాలింది.

"నా పరువు వచ్చే వారం దాకా ఆగదు తల్లీ. పదిన్నరకల్లా వచ్చేస్తావు."

"ఆలస్యమైతే?"

"ఆలస్యమైతే నీ కుర్చీలో నేను కూర్చుంటాను. సరేనా?"

నవ్వులాటకు అన్న మాట అది. కానీ మాస్టారు అన్నమాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి కూతురికి బాగా తెలుసు.

పది యాభైకి ఫోన్ మోగింది.

"నాన్నా, ఇక్కడ ఇంకా ఒక్కరికి కూడా టెస్టు మొదలవలేదు! బండి నడిపించి చూడాల్సిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గది తలుపేసుకుని కూర్చున్నాడు. పైవాళ్ళతో మీటింగట. లోపల్నుంచి అరుపులు కూడా వినిపిస్తున్నాయి."

"పాపం, పెద్ద ఉద్యోగాల్లో ఒత్తిడి ఉంటుందమ్మా. పోనీ, వచ్చెయ్."

"వచ్చేస్తే పేరు కొట్టేస్తారు. నాలుగోసారి కూడా తప్పినట్టు రాస్తారు. నువ్వు మాటిచ్చావు నాన్నా! వెళ్ళి కూర్చో. ఎడమ చేతి కింద నాలుగు మీటలు, వాటితో నడవడమే. కుడి చేతిలో మౌస్, అది నొక్కితే పేలుతుంది. నువ్వేం పేల్చక్కర్లేదు, చావకుండా ఉండు చాలు. నోరు మాత్రం తెరవకు, గొంతు వింటే దొరికిపోతాం."

"చావకుండా ఉండటం నాకు బాగా వచ్చు" అన్నారు మాస్టారు ధైర్యంగానే.

కూతురి కుర్చీ రేసు కారు సీటులా ఉంది. మాస్టారు అందులో కూర్చోగానే ముందు సీటు బెల్టు కోసం వెతుక్కున్నారు. లేదు. అద్దం కోసం చూశారు. అదీ లేదు. ఇలాంటి బండిని రోడ్డు మీదకి ఎవరు వదిలారో అని గొణుక్కుంటూ, కళ్ళజోడు కోసం భార్యను కేకేశారు. పక్క గదిలో కర్టెన్లు కుట్టుకుంటున్న ఆవిడ కళ్ళజోడుతో పాటు స్టూలు కూడా పట్టుకొచ్చి ఆయన వెనకాల వేసుకుని కూర్చుంది. పాతికేళ్ళుగా వెనక సీట్లోంచి దారి చెబుతున్న మనిషి, ఈ ఒక్క రోజూ ఎందుకు ఊరుకుంటుంది?

మూడు రౌండ్ల ఆట. ఏ జట్టు రెండు గెలిస్తే మ్యాచ్ ఆ జట్టుది. గంట మోగగానే జట్టులో మిగతా నలుగురూ తారాజువ్వల్లా దూసుకుపోయారు. మాస్టారు మొదటి మలుపు దాకా నడిచి ఆగారు. కుడివైపు చూశారు. ఎడమవైపు చూశారు.

"బుల్లెట్! ఏం చేస్తున్నావ్ అక్కడ? దూకు!" అని స్పీకర్లోంచి జట్టు నాయకురాలు అరిచింది.

మాస్టారు ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టి కదిలారో లేదో, ఎదురుగా ఒకడు తుపాకీతో ఊడిపడ్డాడు. మాస్టారి కుడి పాదం గురించి ఇక్కడ చెప్పుకోవాలి. నేర్పేవాడి సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆపద కనిపించిన ప్రతిసారీ ఆ పాదం ఆయన్ని అడక్కుండానే కిందికి దిగుతుంది. ఇప్పుడూ దిగింది. బల్ల కింద బ్రేకు లేదు, తెరకీ స్పీకరుకీ మైకుకీ కరెంటిచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సు స్విచ్చు ఉంది. తెర నల్లబడింది.

"కరెంటు పోయిందా అండీ?"

"లేదే, బ్రేకు పడింది" అన్నారు మాస్టారు దిగులుగా.

మళ్ళీ తొక్కితే తెర వెలిగింది కానీ, అప్పటికి ఆయన పోయి పది సెకన్లయింది. మొదటి రౌండు కాస్తా గంగలో కలిసింది. కూతురి రెండేళ్ళ కష్టం తన కాలి కిందే నలిగిపోతోందని మాస్టారికి అర్థమైంది. పాదాన్ని మడిచి కుర్చీ మీద పెట్టుకుని దాని మీద తానే కూర్చున్నారు.

రెండో రౌండులో విచిత్రం జరిగింది. బుల్లెట్ అంటే మలుపు దగ్గర కూడా ఆగకుండా దూసుకొస్తుందని అవతలివాళ్ళకు తెలుసు. అందుకే గోడ చాటున నక్కినవాడు అడుగుల చప్పుడు వినగానే బయటికి దూకి తుపాకీ మొత్తం ఖాళీ చేశాడు. అక్కడ ఎవరూ లేరు. మాస్టారు ఇంకా రెండు దగ్గరే ఉన్నారు. మూడు అనుకుని నింపాదిగా తిరిగేసరికి, ఎదురుగా ఒకడు ఖాళీ తుపాకీలో గుళ్ళు నింపుకుంటున్నాడు. మాస్టారు భయంతో మౌస్‌ని గట్టిగా పట్టుకున్నారు. అది పేలింది.

"అయ్యయ్యో, ఎవరికో తగిలిందండీ!" అంది భార్య ఆయన చెవిలో.

తర్వాతి మలుపులో ఇంకొకడు అలాగే పోయాడు. ఆ తర్వాతి మలుపులో ఇద్దరు.

"ఓహో! ఇదా నీ కొత్త ఎత్తు? ముందే చెప్పొచ్చుగా!" అంది నాయకురాలు. అంతే, మిగతా నలుగురూ ఆయన వెనకాల వరసగా చేరి, ప్రతి మలుపు దగ్గరా ఆగి, కుడీ ఎడమా చూసి కదలసాగారు. ఎల్ బోర్డు పెట్టుకున్న అయిదు బళ్ళు ఒకదాని వెనక ఒకటి పోతున్నట్టుంది. ఆ రౌండు వీళ్ళదే.

మూడో రౌండు ముగింపుకొచ్చేసరికి ఇటు మాస్టారు, అటు ఒకే ఒక్కడు మిగిలారు. వాడి పేరు తెర మీద 'యముడు' అని పడుతోంది. ఆ ఆటలో ఒక ఏర్పాటుంది, శత్రువు దగ్గరికొస్తే అతని గొంతు కూడా మనకి వినిపిస్తుంది.

"ఎవడ్రా ఆ నత్త! బయటికి రారా!" అని స్పీకరు గర్జించింది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఈ గొంతు ఎక్కడో విన్నారు. ఇంతలో ఆ గొంతు వెనకాలే ఇంకో గొంతు, "సార్, బయట నలభై మంది ఉన్నారు సార్, టెస్టు ఎప్పుడని అడుగుతున్నారు" అంది. "మీటింగని చెప్పానా లేదా? తలుపు మూసెయ్!" అని యముడు కసిరాడు.

"ఏమండీ, ఈయన మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కదూ?" అంది భార్య గుసగుసగా.

కదూ ఏమిటి, ఆయనే. ఈయన్ని కాలిస్తే ఆ మంట మీదే బయటికొచ్చి, వరసలో నిలబడ్డ పిల్లని నాలుగోసారి తప్పిస్తాడు. కాల్చకపోతే పిల్ల రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పోనీలే, తానే ఓడిపోయి ఆ మహానుభావుణ్ణి సంతోషపెడదామా అనుకున్నారు మాస్టారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన ముందు చేతులు కట్టుకునే నిలబడ్డారు, ఇంకో అయిదు నిమిషాలు నిలబడితే పోయేదేముంది? మౌస్ మీంచి వేలు తీసేశారు కూడా.

అప్పుడు నాలుగు దార్ల కూడలిలోకి యముడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆగలేదు. కుడివైపు చూడలేదు. ఎడమవైపు అసలే చూడలేదు. ఒక బ్రేక్ ఇన్‌స్పెక్టర్! తమ పిల్లని అరక్షణం తొందరపడినందుకే మూడుసార్లు బండి దింపేసిన మనిషి! మాస్టారి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవొద్దన్న మాట కూడా మరిచిపోయారు. ఇన్నేళ్ళుగా టెస్టు తప్పినవాళ్ళతో ఆ పెద్దమనిషి చెప్పే మాటలే ఆయన నోట్లోంచి వచ్చాయి.

"ఇంజన్ ఆపండి. దిగండి."

అని, పేల్చేశారు.

స్పీకర్లోంచి యముడి గొంతు ఈసారి సన్నగా వినిపించింది. "ఎవరదీ... మాస్టారా?"

మాస్టారు కుడి పాదాన్ని కింద పెట్టి, ఈసారి తెలిసే బ్రేకు వేశారు.

ఆ సమయంలో కూతురు టెస్టు ట్రాకు పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. పదకొండూ పావయింది. నాన్న గెలుస్తాడన్న భ్రమ ఆమెకి లేదు. అంతా అయిపోయిందనే అనుకుంది. అప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఎర్రగా కందిపోయిన మొహంతో బయటికొచ్చి, జాబితాలో ఆమె పేరు చూసి ఆగిపోయాడు.

"మీ నాన్నగారు ఇంట్లో కంప్యూటర్ వాడతారా?"

"మా నాన్నకా? మౌస్ పట్టుకోవడమే రాదండీ" అంది ఆమె, మనస్ఫూర్తిగా.

కారు ఎక్కారు. ఇక తొందరపడి వెళ్ళాల్సిన చోటేదీ లేదు కనక ఆ పిల్ల జీవితంలో మొదటిసారి నెమ్మదిగా నడిపింది. మొదటి మలుపు దగ్గర ఆగి కుడీ ఎడమా చూసింది. పక్క సీట్లో ఇన్‌స్పెక్టర్ తల దించుకుని డాష్‌బోర్డు చాటుకు జరిగాడు. రెండో మలుపు దగ్గర ఆమె ఆగగానే ఆయన నుదుటన చెమట పట్టింది. మూడో మలుపు దగ్గర ఆమె పెదాలు కదిలిస్తూ "ఒకటి, రెండు" అనగానే, "చాలు! చాలమ్మా! పాస్!" అని కాగితం మీద సంతకం గీకేసి, బండి పూర్తిగా ఆగకముందే దిగిపోయాడు.

ఇంటికొచ్చిన కూతురు గెలిచారన్న సంగతి విని నాన్న మెడ పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఆ సంబరం మీదే నాయకురాలి ఫోన్ వచ్చింది. చివర్లో వినబడిన "దిగండి" అన్న గొంతు ఎవరిదని అడిగింది. దాచి లాభం లేదని కూతురు జరిగిందంతా చెప్పేసింది.

"నీ చోటుకేం ఢోకా లేదు, నువ్వే ఆడతావు" అంది నాయకురాలు. "కానీ ఆ అంకుల్ మాకు రోజూ గంటసేపు మలుపులు నేర్పాలి. ఒప్పుకుంటారా?"

"రెండేళ్ళు వేళ్ళు అరగదీసుకుంది నేను, గురువయ్యేది మాత్రం నాన్న!" అని కూతురు మూతి ముడుచుకుంది. మాస్టారు మాత్రం వెంటనే ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే, ఆ కుర్చీకి సీటు బెల్టు ఉండాలి.

వారం తిరిగాక ఒక పొద్దున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ డ్రైవింగ్ స్కూలు గుమ్మంలో నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. మాస్టారు కంగారుగా స్కూలు లైసెన్సు కాగితాలు వెతకడానికి లేచారు.

"కూర్చోండి మాస్టారూ. ఆ రోజు సంగతి నేనూ ఎక్కడా అనను, మీరూ అనకండి" అన్నాడాయన గొంతు తగ్గించి. "ఒక్క మాట చెప్పండి. మలుపు దగ్గర ఎంతసేపు ఆగాలి?"

"మూడు లెక్కపెట్టాలండీ."

"నిన్న రెండు లెక్కపెట్టాను. పోయాను."

మాస్టారు రిజిస్టరు తెరిచి కళ్ళజోడు పెట్టుకున్నారు.

"మొదటిసారి అందరూ తప్పుతారండీ" అంటూ ఆయన పేరు రాసుకున్నారు.