రాములమ్మ కోసం కట్టిన బాత్రూం

ఆ సోమవారం పొద్దున అంద్రెయ పెట్టుకున్న పనులు రెండే. మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి బాత్రూం కట్టుకోవడానికి పర్మిషన్ తీసుకోవాలి, వచ్చేటప్పుడు అర కిలో చేపలు తెచ్చుకోవాలి. గోదావరిఖని పక్కనున్న కాకులగుట్టలో బతుకంతా బొగ్గు గనిలో పనిచేసి రిటైరైన మనిషికి ఇది పెద్ద లెక్క కాదు.

భార్య రాములమ్మ తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక పెద్దపల్లిలో కూతురు సారిక దగ్గర ఉంటోంది. ఇంట్లో ఉన్న బాత్రూం పెరట్లో, మెట్లు దిగి పోవాల్సిన చోట ఉంది. "మెట్లు దిగకుంట పోయే బాత్రూం కట్టు, అప్పుడే వస్త. లేకుంటె నీ వంట నువ్వే తిను" అని ఆమె ఫోనులో తేల్చి చెప్పింది. తన వంట తాను తిని తిని అంద్రెయ అప్పటికే సగమయ్యాడు. వంట సంగతి అటుంచితే, తిట్టే మనిషి లేని ఇల్లు అతనికి ఇల్లులా లేదు. ఆమె రావాలి, అంతే.

ముందుగది పక్కన, వీధి వైపు కాస్త ఖాళీ జాగా ఉంది. "పర్మిషన్ ఏందన్నా, ముందుగాల కట్టు. అడిగినప్పుడు చూసుకుందం" అన్నాడు పక్కింటి పోశం. కానీ గనిలో పైకప్పు తట్టి చూడకుండా అడుగు వేయని అలవాటు అంద్రెయది. అడిగే కడతానన్నాడు. ఊళ్లో అలా అడిగినవాడు అతనొక్కడేనని తర్వాత తెలిసింది.

మున్సిపల్ ఆఫీసుకు పోయినేడాది డిజిటల్ మ్యాపు వచ్చింది. కేకు కోసి మరీ ప్రారంభించారు. పట్నంలోని ఒక కంపెనీ కాకులగుట్ట ముఖం చూడకుండానే, దొరికిన పాత పటాలన్నీ పోగేసి కంప్యూటర్లో పేర్చింది. ఇంటి నంబరు కొడితే చాలు, కట్టుకోవచ్చో లేదో మ్యాపే చెబుతుంది. ఇక అధికారులు ఆలోచించే శ్రమ లేదు. అంతకు ముందు మాత్రం ఏం పడ్డారు గనక.

టౌన్ ప్లానింగ్ అధికారి ఉపేందర్ అంద్రెయ ఇంటి నంబరు కొట్టించాడు. తెర ఎర్రబడింది.

"పెద్దాయనా, నీ ఇల్లు రోడ్డు నడుమ ఉన్నది."

అంద్రెయ కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగాడు. నిలువుగా, అడ్డంగా తిన్నటి గీతలు. మధ్యలో చదరాలు. చూస్తూ చూస్తూ అతని ముఖం వెలిగిపోయింది.

"అరె, ఇది నా లెవెల్ కద సారూ. నేనే కొట్టిన దీన్ని."

"అంటె ఇక్కడ రోడ్డు ఉన్నదని నీకు ఎరుకేనా?"

"ఎరుక లేకేంది? పన్నెండు ఫీట్ల తొవ్వ. పట్టాలు ఏసినం, లైట్లు పెట్టినం. రోజు గీ తొవ్వల నడిచే కద డ్యూటీ చేసింది."

గనిలో బొగ్గు కొట్టుకుంటూ పోయే సొరంగాన్ని లెవెల్ అంటారని ఉపేందర్‌కు తెలియదు. పట్నం కంపెనీకీ తెలియదు. పోగేసిన పటాల్లో గని పటమే అన్నిటికన్నా తీరుగా కనిపించడంతో, ఆ సొరంగాలనే ఊరి రోడ్లుగా వేసేసింది. అది భూమి లోపలిదని చెప్పాలని అంద్రెయకు తోచలేదు. తొవ్వ అంటే అతని లెక్కలో లోపలే ఉంటుంది. రోడ్డు ఉన్నట్టు దరఖాస్తుదారు స్వయంగా ఒప్పుకున్నాడని కంప్యూటర్ ఆపరేటర్ సంధ్యారాణి చేత ఉపేందర్ అప్పటికప్పుడే టైపు కొట్టించాడు.

అంద్రెయ చేపల బజారు చేరేలోపే ఫోనుకు నోటీసు వచ్చింది. రోడ్డు ఆక్రమించి ఇల్లు కట్టినందుకు వారంలో కూల్చివేత. చేపలు మరిచిపోయి ఆటో ఎక్కి వెనక్కి ఉరికాడు.

"సారూ, ఆ తొవ్వ ఆరు వందల ఫీట్ల కింద ఉన్నది."

"ఎంత కిందున్నదో రాసే గడి ఇండ్ల లేదు. ఉన్నదా, లేదా? గంతే."

"కింద ఉన్నది. మీద లేదు."

"ఉన్నదంటున్నవు కద."

"అయితె ఆ గీత తుడిచెయ్యిర్రి సారూ."

ఉపేందర్ ఉలిక్కిపడ్డాడు. "తుడిచుడెట్ల? మొన్న ఎండకాలమే ఆ రోడ్డుకు తారు పోసినం. బిల్లు గూడ అయింది."

"ఆ గని మూసి ఏండ్లయింది సారూ. నిండ నీళ్లున్నయి."

"నీళ్లు నిలుస్తున్నయా? డ్రైనేజీకి రాస్త" అని ఉపేందర్ నిజంగానే రాసుకున్నాడు.

అంద్రెయ వరండాలో కూలబడ్డాడు. బాత్రూం కోసం వస్తే కొంప పోయేలా ఉంది. రాములమ్మకు ఏం చెప్పాలో తెలియక కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి సంధ్యారాణి బయటికి వచ్చింది.

"కాకా, రోడ్డు మీద ఇంటికి పర్మిషన్ రాదు. మూడిటికే వస్తది. బస్ షెల్టరు, విగ్రహం, పబ్లిక్ టాయిలెట్. అవి ఉన్న జాగను కూలగొట్టరు."

"విగ్రహం ఎవలిది బిడ్డా?"

"ఎవలిదైనా. మ్యాపు అది అడగది."

రాములమ్మకు విగ్రహంతో పనిలేదు కనుక అంద్రెయ టాయిలెట్ అన్నాడు. ఆమె అతన్ని లోపలికి తీసుకెళ్లి మీట నొక్కగానే తెర పచ్చబడింది. శుభాకాంక్షలు కూడా చెప్పింది.

వారం తిరగకుండానే బాత్రూం లేచింది. తెల్ల టైల్స్, కూర్చునే కమోడ్, పట్టుకుని లేవడానికి గోడకు స్టీలు కడ్డీ. అంద్రెయ రోజూ దాన్ని కడిగి, కడ్డీ పట్టుకుని కూర్చుని లేచి, రాములమ్మకు ఎత్తు సరిపోతుందో లేదో చూసుకునేవాడు.

చెప్పిన రోజుకు ఇల్లు కూల్చే మిషన్ రానే వచ్చింది. డ్రైవర్ దిగి ఫోనులో మ్యాపు చూసుకున్నాడు. "ఈడ సర్కారు టాయిలెట్ ఉన్నది. ముట్టుకుంటె నా నౌకరి పోతది" అని మిషన్ తిప్పుకుని వెళ్లిపోయాడు. వాడకట్టంతా చప్పట్లు కొట్టింది. అంద్రెయ ప్రభువుకు స్తోత్రం చెప్పి, వెంటనే పెద్దపల్లికి ఫోన్ చేశాడు. "శనివారం వచ్చెయ్యి. పర్మిషన్‌తోటి కట్టిన."

మరునాడు పొద్దున్నే ఒక లారీ డ్రైవర్ ఫోను చూసుకుంటూ తలుపు తట్టాడు.

"ఇది పబ్లిక్‌ది కాదు తమ్మీ, మా ఆమెది."

"ఫోన్ల పబ్లిక్ అనే ఉన్నది కదన్నా. జర జల్ది తియ్యి."

అతను మంచివాడు. బయటికొచ్చి దండం పెట్టి, మ్యాపులో ఆ చోటికి ఐదు చుక్కల రేటింగు ఇచ్చి వెళ్లాడు. కొంప ముంచింది ఆ చుక్కలే. మధ్యాహ్నానికి షిఫ్టు దిగినవాళ్లు వచ్చారు, సాయంత్రానికి అంగడికి వచ్చినవాళ్లు వచ్చారు. అంద్రెయ తాళం వేశాడు. పబ్లిక్ టాయిలెట్‌కు తాళం వేస్తే జరిమానా అని ఫోను మోగింది. తాళం తీసి, మళ్లీ ఉపేందర్ దగ్గరికి పరుగెత్తాడు.

"రద్దు చెయ్యిర్రి సారూ."

"రద్దు చేస్తె ఉత్త ఇల్లు మిగుల్తది. ఇల్లుంటె మళ్ల మిషన్ వస్తది" అని ఉపేందర్ కాసేపు ఆలోచించాడు. మ్యాపు వచ్చాక అతను ఆలోచించడం అదే మొదటిసారి. మ్యాపులో అంద్రెయ ఇంటిని టాయిలెట్ కాపలాదారు గదిగా మార్పించాడు. "ఇగ నీకు ఫికర్ లేదు. ఆ గదిని ఎవ్వలు ముట్టరు."

సొంతింటికి కాపలాదారైన అంద్రెయ రెండు చేతులూ జోడించాడు.

శనివారం రాములమ్మ సారిక చెయ్యి పట్టుకుని ఆటో దిగింది. ఇంటి ముందు జనాన్ని చూసి, కూతురు అందించిన వాకర్ పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

"ఎవలు సచ్చిన్రయ్యా?"

"ఎవ్వలు సావలే. బాత్రూంకు వచ్చిన్రు."

"ఎవలి బాత్రూంకు?"

"నీ దానికే."

ఆమె వాకర్ మీద వాలి, తెరిచిన తలుపులోంచి కనిపిస్తున్న తెల్ల టైల్స్ చూసింది. స్టీలు కడ్డీ చూసింది. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. "మంచిగ కట్టినవు. కనీ నాకు ఆగుతలేదు, జర జరగమను అందర్ని."

వరుసలో ఒకాయన వెనక్కి తిరిగాడు. ఉపేందర్.

"మీరేంది సారూ ఈడ?" అన్నాడు అంద్రెయ.

"మా ఆఫీసు బాత్రూం గూడ రోడ్డు మీదనే ఉన్నదని మ్యాపుల వచ్చింది. నిన్ననే కూలగొట్టినం" అన్నాడు ఉపేందర్ కాళ్లు మార్చుకుంటూ. తర్వాత రాములమ్మ వైపు మర్యాదగా చూశాడు. "పెద్దోళ్లకు వేరే గడి లేదమ్మా. వరుసల రార్రి."

ఆమె ముందు నలుగురున్నారు.