వరహాలు చివరి మాట

"వీరజవాను వరహాలు ఆఖరి క్షణంలో అన్న మాట మన కమిటీకి దొరికింది!"

టాటానగర్ సిద్ధగోరా మైదానంలో మైకు పట్టుకుని దేశరక్షణ కమిటీ కార్యదర్శి ఆదిబాబు గారు ఈ ప్రకటన చేసేనాటికి చైనాతో యుద్ధం ఆగి నెల తిరగలేదు. "నేను ఒరిగిపోయినా నా దేశం ఒరగకూడదు!" అన్నదే ఆ మాట. ఎక్కడ దొరికిందో ఆయన చెప్పలేదు. పెద్దవాళ్లు అలాంటి చిన్న విషయాల జోలికి పోరు.

నిజానికి సైన్యం నుంచి వచ్చింది ఒక టెలిగ్రాము. వరహాలు జాడ తెలియడం లేదని మాత్రమే అందులో ఉంది. కంపెనీ టైమాఫీసులో పద్దెనిమిదేళ్లు హాజరుపట్టీ రాసిన చెయ్యి ఆదిబాబు గారిది. కనబడని మనిషిని ఏ గడిలో వెయ్యాలో ఆయనకు ఒకరు నేర్పాలా? అమరుల గడిలో వేశారు. అమరుడన్నాక ఆఖరి మాట ఒకటి ఉండాలి. అదీ ఆయనే చూసుకున్నారు.

మాట బ్రహ్మాండంగా పాకింది. బడి గోడ మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో ఎక్కింది. పట్నాలో ఒక మంత్రిగారు సభలో చదివి కళ్లు తుడుచుకున్నారు. భాలుబాసా బస్తీలో కారే పాకలో ఉండే వరహాలు తల్లి సింహాచలమ్మకు వీరమాత హోదాలో సిద్ధగోరాలో ఒక పక్కా గది ఇచ్చారు. కొడుకు పోయాక ఆమెకు మిగిలింది ఆ గదొక్కటే.

పానకంలో పుడకలా బడి లెక్కల మాస్టారు తోమాస్ ఒక్కరే అడ్డం తగిలారు.

"ఆదిబాబు గారూ, వరహాలున్న శిబిరంలో ఒక్క ప్రాణీ మిగల్లేదని మీరే కరపత్రం వేశారు. మరి ఈ మాట విన్నదెవరండీ?"

"మీరు లెక్కలు చెప్పుకోండి మాస్టారూ. ఇది దేశభక్తి."

మాస్టారు ఊరుకోకుండా అదే ప్రశ్న పత్రికకు రాశారు. దాంతో వరహాలు పటం ఆవిష్కరించడానికి ఒప్పుకున్న మంత్రిగారు ఒక షరతు పెట్టారు. ఆ మాట విన్నవాణ్ణి వేదిక మీద తనకు చూపించాలి. ఆదిబాబు గారికి వారం రోజులు అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే, ఎండలు ముదిరే రోజుల్లో, ఒక బక్కపల్చటి కుర్రాడు ఆయన అరుగు ముందు నిలబడి దండం పెట్టాడు.

"బాబూ, నానండి. సింహాచలమ్మ కొడుకు వరహాల్ని. చైనావోళ్లు అట్టుకుపోనారు. ఇప్పుడు ఒగ్గీసినారు. పొద్దున్నే టాటానగర్‌లో బండి దిగినానండి."

ఆదిబాబు గారు వాణ్ణి కిందనుంచి మీదిదాకా చూశారు. సంతోషించడానికి ఆయనకు తీరిక లేదు.

"నిన్నెవరైనా చూశారా?"

"అమ్మ సూసిందండి. అప్పట్నుంచీ ఏడుత్తంది."

"ఏడుస్తోందా? అయితే ఫర్వాలేదు." ఆయన వాణ్ణి లోపలికి లాగి తలుపేశారు. "చైనావాళ్లొచ్చినప్పుడు నువ్వేటన్నావురా?"

"నాను వంటోణ్ణి కదండి. మా సాబ్ రమ్మంటే 'పప్పింకా ఉడకలేదు సార్' అన్నానండి. ఆ కొండల మీద పప్పు బేగి ఉడకదండి."

"తరవాత?"

"సేతులెత్తమన్నారండి. ఎత్తినాను."

ఆదిబాబు గారు కళ్లు మూసుకున్నారు.

"ఒరే, నీ మాట మంత్రిగారు సభలో సెప్పీసినారు. పిల్లలు పరీచ్చల్లో రాసీసినారు. ఇప్పుడు నువ్వొచ్చి నానన్లేదంటే ఎలాగరా?"

"మరి బతికే ఉన్నాను కదండి?"

"అది నీ సొంత విషయం. నువ్వు బతికుంటే మీ అమ్మ వీరమాత కాదు. వీరమాత కాపోతే ఆ గది కాలీ సెయ్యాల. మళ్లీ ఆ పాకలోకే. ఆలోచించుకో."

వరహాలు గోడకు చేరగిలబడ్డాడు. శత్రువుల చెరలో ఆరు నెలలుండి రోజూ అమ్మను తలుచుకున్నవాడు పాపం, అమ్మ పెట్టిన మొదటి ముద్ద తిన్న గంటకే చచ్చిపోవడానికి ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి వాడు బలరామ్. వరహాలు పక్కనే ఉండి చివరి మాట చెవులారా విన్న సాటి జవాను. తన చివరి మాట తనకే నోరు తిరక్క మూడు రోజులు అభ్యాసం చేశాడు. సింహాచలమ్మ పాఠం చిన్నది. ఈ కుర్రాణ్ణి ఎరగనని అనడమే. భాలుబాసా అంతటికీ అసలు సంగతి తెలుసు. కాని భాలుబాసాకు కమిటీలో సభ్యత్వం లేదు.

మంత్రిగారు వచ్చారు, తెర లాగారు. వరహాలు ఫొటో ఏనాడూ లేదు గనక చిత్రకారుడు ఊహించి వేసిన పటంలో మీసాలు చెవులదాకా ఉన్నాయి. బలరామ్ మైకు ముందుకొచ్చి తడబడకుండా మాట అప్పజెప్పాడు.

"నీ చెవులతో విన్నావా?" అని మంత్రిగారు హిందీలో అడిగారు.

"విన్నాను సార్. ఎంత దగ్గర్నుంచంటే, నేనే అన్నట్టు వినబడింది సార్."

రెండో వరసలో తోమాస్ మాస్టారు చటుక్కున లేచారు. ఆ కుర్రాడికి మూడో తరగతిలో ఎక్కాలు నేర్పింది ఆయనే. నోరు తెరవబోతూ సింహాచలమ్మ వైపు చూశారు. ఆమె రెండు చేతులూ జోడించింది. మాస్టారు మెల్లగా కూర్చున్నారు. విమర్శకులు సైతం లేచి నిలబడి గౌరవించారని ఆదిబాబు గారు మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు.

పటంలోని వీరుణ్ణి వదిలేసి ఆ బక్క కుర్రాణ్ణే చూస్తూ ఏడుస్తున్న వీరమాతను మంత్రిగారు గమనించారు. ఆయన మనసు కరిగిపోయింది. ఆమె చెయ్యి తీసుకుని బలరామ్ చేతిలో పెట్టారు.

"ఏడవకు తల్లీ! నీ కొడుకును దేశం తీసుకుంది. బదులుగా నేను నీకు ఈ కుర్రాణ్ణి ఇస్తున్నాను. ఇవాళ్టినుంచి ఇతనే నీ కొడుకు!"

ఆదిబాబు గారు ఆ మాటల్ని మైకులో తెలుగు చేశారు. మైదానం చప్పట్లతో మోగిపోయింది. పత్రికలవాళ్లు ఫొటోలు తీశారు.

సింహాచలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ పట్టుకున్న చెయ్యి వదలకుండానే మంత్రిగారి దగ్గరకు జరిగింది.

"బాబూ, ఆ ముక్క కాయితం మీద రాసి సంతకం ఎట్టి ఇత్తారా?"