నూటికి నూరు హాజరు

బడి ఎగ్గొట్టడం అనే సమస్య వచ్చే సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు శాశ్వతంగా అంతమైపోతుందని విద్యామంత్రిగారు ప్రకటించారు. తొమ్మిదే ఎందుకంటే, బడి గంట కొట్టేది అప్పుడే.

"పిల్లలు బడికి రాకపోతే తప్పెవరిది? కన్నవాళ్ళది! కాబట్టి ఏ రోజు పిల్ల రాదో ఆ రోజు కన్నవాళ్ళలో ఒకరొచ్చి, ఆ పిల్ల బెంచీలో, ఆ పిల్ల చోట్లో సాయంత్రం దాకా కూర్చోవాలి" అన్నారు. చప్పట్లు మారుమోగాయి. కొట్టినవాళ్ళలో చాలామందికి పిల్లలున్నారు, పాపం.

ఆ ఉత్తర్వు రాసిన చెయ్యి విద్యాశాఖ ఆఫీసులో హెడ్ క్లర్కుగారిది. నిద్రలో లేపి అడిగినా "పై విషయము పురస్కరించుకుని" అని మొదలుపెట్టగల మహానుభావుడు. ఆయన సూపరింటెండెంటు ప్రమోషన్ ఫైలు ఆ నెలాఖరుకు తేలాలి. అందుకని ఉత్సాహం పట్టలేక మూడో పేరా సొంతంగా చేర్చారు: ఉద్యోగి పిల్లల హాజరు నూటికి నూరు లేకపోతే ప్రమోషన్ లేదు, కన్నవాళ్ళు కూర్చున్న రోజు మాత్రం పిల్ల వచ్చినట్టే లెక్క.

సోమవారం తొమ్మిదీ పదికి బడి నుంచి ఫోనొచ్చింది. హెడ్ క్లర్కుగారు పడుతూ లేస్తూ ఇంటికొచ్చేసరికి, ఎనిమిదో తరగతి కూతురు మంచం మీద బోర్లా పడుకుని కథల పుస్తకం చదువుకుంటోంది.

"ఏమే, జ్వరమా?"

"లేదు నాన్నా."

"మరి బడికెందుకెళ్ళలేదు?"

"ఎవరో ఒకరు వెళ్తే చాలటగా. ఇవాళ మీరు వెళ్ళండి."

"ఎవడే నీకు చెప్పింది?"

"మీరే. మూడో పేరా."

"చూశారా, పిల్లకి చదువెంత బాగా వంటబట్టిందో!" అంది ఆయన భార్య వంటింట్లోంచి. "నావైపు చూడకండి. ప్రమోషన్ వచ్చేది మీకు."

బళ్ళో కూతురి బెంచీలో కూర్చుంటే ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. పక్కన బస్సు డ్రైవరు ఇరుక్కుని ఉన్నాడు.

"నమస్కారం సార్. మావాడూ రాలేదు."

"మరి బస్సు?"

"నేనిక్కడుంటే బస్సెవరు తోల్తారు సార్? ఆ రూట్లో ముప్ఫైమంది పిల్లలు ఇళ్ళల్లోనే ఉండిపోయారు. వాళ్ళ నాన్నలు నడిచొస్తున్నారు, దార్లో ఉన్నారు."

గురువారం నాటికి ఆ బడిలో మచ్చుకు ఒక్క పిల్ల కూడా లేదు. లెక్కల టీచరుగారి కొడుకు తను చదివే ఇంకో బడి ఎగ్గొట్టడంతో ఆవిడ అక్కడికెళ్ళి కూర్చున్నారు.

శుక్రవారం మంత్రిగారు తనిఖీకి వచ్చారు.

"ఈ క్లాసులో ఎంతమంది?"

"నలభై రెండండి" అన్నారు హెడ్మిస్ట్రెస్.

"ఇవాళ వచ్చింది?"

"నలభై రెండండి."

మంత్రిగారి కళ్ళు చెమ్మగిల్లాయి. "గోల లేదు, పరుగుల్లేవు. పిల్లలు ఇంత బుద్ధిగా కూర్చోవడం నా జన్మలో చూళ్ళేదు" అన్నారు. నిద్రపోతున్న డ్రైవర్ని లేపొద్దని సైగ కూడా చేశారు. అంత దయగల మనిషి.

ఒక్కటే చిక్కు. ఆఫీసుల్లో కుర్చీలన్నీ ఖాళీ అయిపోయాయి. "పిల్లల్నే బడికి రమ్మంటే పోలా సార్?" అన్నాడు డ్రైవరు, లోకజ్ఞానం లేక. "అప్పుడు ఉత్తర్వు విఫలమైనట్టవదూ?" అని హెడ్ క్లర్కుగారు కసిరారు.

మంత్రిగారు మరుసటి సోమవారమే పరిష్కారం చెప్పారు: "బాధ్యత రెండువైపులా ఉండాలి. కన్నవాళ్ళు ఆఫీసులో చోటు వదిలి వెళ్తే పిల్లలు ఆ చోట్లో కూర్చోవాలి!" రాసేందుకు హెడ్ క్లర్కుగారు అందుబాటులో లేనందువల్ల ఆ ఉత్తర్వు నాలుగు లైన్లలోనే అయిపోయింది.

అప్పట్నుంచి ఇంట్లో రెండు క్యారేజీలు కట్టేవారు. ఒకటి బడికెళ్ళే నాన్నకి, ఒకటి ఆఫీసుకెళ్ళే అమ్మాయికి.

నెలాఖరు రోజు సాయంత్రం హెడ్ క్లర్కుగారు భిన్నాల లెక్కలు పక్కన పడేసి గుమ్మంలోనే కూతురికి ఎదురెళ్ళారు.

"నా ఫైలు వచ్చిందా తల్లీ?"

"వచ్చింది నాన్నా. ముందు మీ సీటుకే వచ్చింది."

"బడి హాజరు?"

"నూటికి నూరు."

"మరింకేం!"

"ఆఫీసు హాజరు కూడా చూడాలి కదా. మొదటి వారం ఐదు రోజులు సీటు ఖాళీ. సెలవు చీటీ లేదు. అర్హులు కారని నోట్ రాశాను."

"ఓసి నీ... ఆ ఐదు రోజులూ నీ కోసమే కదే బళ్ళో కూర్చున్నాను!"

"అది బడి లెక్క నాన్నా. ఇది ఆఫీసు లెక్క."

కూతురు చెప్పులు విప్పుకుంటూ, "డైరెక్టరుగారు నోట్ చదివి చాలా మెచ్చుకున్నారు. సూపరింటెండెంటు కుర్చీ ఎలాగూ ఖాళీయేగా, సోమవారం నుంచి నన్నందులో కూర్చోమన్నారు" అంది.

"మరి... నేనో?"

"మీకు సోమవారం లెక్కల పరీక్ష కదా. ఎగ్గొట్టకండి నాన్నా, మీకు దణ్ణం పెడతాను. మళ్ళీ నన్నొచ్చి కూర్చోమంటారు."