తిప్పమ్మకు అందిన నాలుగు మూటలు

మన రాష్ట్రంలో దూరం అనేది రద్దయిపోయిందని మంత్రిగారు ఉరవకొండలో ప్రకటించారు. రెండువేల ఒకటి, జూన్ నెలాఖరు సోమవారం. పదకొండింటికి రావలసిన వారు మూడు గంటల పది నిమిషాలకు వచ్చి మరీ ప్రకటించారు.

"ఇకమీదట రైతు సోదరుడు గోదాముల చుట్టూ తిరగాల్సిన పనిలేదు. మీట నొక్కితే చాలు. డెబ్బై రెండు గంటల్లో సరుకు ముంగిట్లో ఉంటుంది!"

జనం చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఎందుకంటే ఆ మీట ఉన్నది నా బూతులో.

నా పేరు రామాంజులు. బస్టాండు ఎదురుగా ఎస్టీడీ, జిరాక్సు నడుపుతాను. మండలాఫీసు ఫోను మూగబోయి ఆరు నెలలైంది కాబట్టి 'ఈ-ముంగిలి' పథకం కంప్యూటర్‌ను తెచ్చి నా దగ్గర పెట్టారు. దానికొక పూలదండ, కుంకుమ బొట్టు, కాపలాకు హోంగార్డు. దాన్ని ముట్టుకునే అధికారం నాకు లేదు, దుమ్ము తుడిచే బాధ్యత మాత్రం ఉంది. మా ఊళ్లో దుమ్ముకు ఏనాడూ కొరత లేదు కనుక ఆ ప్రభుత్వ సేవ తీరిక లేకుండా చేశాను.

జిల్లాలో ఆ పథకానికి స్పెషలాఫీసరు గంగాధరప్పగారు. హైదరాబాదులో అయిదు రోజులు ట్రైనింగయి వచ్చినవారు. జూన్ ఎండలో టై కట్టుకున్న మనిషిని ఉరవకొండ అంతకుముందు చూడలేదు. ఆయన్ను చూసేందుకే కొందరు నా బూతుకు వచ్చి, వచ్చినందుకు ఒక జిరాక్సు తీయించుకుని పోయేవారు.

మొదటి ఆర్డరు మహిళా రైతుది అయితే ఫొటో బాగుంటుందని, బస్సు కోసం నిలబడి ఉన్న తిప్పమ్మను పిలుచుకొచ్చారు. పక్క పల్లె మనిషి, మూడెకరాల మెట్ట ఆసామి. మొగుడు పోయినప్పటి నుంచి సేద్యం ఆమే చేసుకుంటోంది.

"ఏం కావాలమ్మా?" అన్నారు మంత్రిగారు.

"నాలుగు మూటల శెనక్కాయ విత్తనం కావల్ల సార్. నిన్ననే మంచి వాన పడింది. ఈ వారం లోపల ఎయ్యకుంటే పదును ఆరిపోతాది. మళ్లీ వాన యెప్పుడో యేమో."

"గురువారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి మీ వాకిట్లో!" అని మంత్రిగారు స్వహస్తాలతో మీట నొక్కారు. తిప్పమ్మ దండం పెట్టింది. సంతోషంగా ఊరికి పోయి, శనివారానికి విత్తే గొర్రు, ఎద్దులు తోలుకురమ్మని పక్క చేను కుళ్లాయప్పకు చెప్పుకుంది.

కార్లన్నీ పోయాక నాకొక చిన్న అనుమానం వచ్చింది.

"సార్, విత్తనాల గోదాము గుత్తిలో గదా ఉండాది. బస్సులో గంటన్నర. ఆడికొక ఫోన్ చేస్తే సరిపోదా?"

గంగాధరప్పగారు నన్ను జాలిగా చూశారు. "ఏమప్పా, ఫోన్ చేస్తే అది ఆన్‌లైనైతాదా? ఈడినుంచి హైదరాబాదుకు పోవల్ల, ఆడ సర్వర్‌లో పడల్ల, ఆన్నుంచి గుత్తికి దిగల్ల."

"ఎంతసేపు పడ్తాది సార్?"

"సెకను."

"అయితే దిగిందా సార్?"

"కరెంటు రానీప్పా."

గురువారం మూడూ ఇరవై సరిగ్గా. గంగాధరప్పగారు, ఒక ఫొటోగ్రాఫరు, ఒక కేజీ లడ్లు నా బూతుకు వచ్చారు. కంప్యూటర్ తెర మీద ఆకుపచ్చటి అక్షరాలు వెలిగాయి: 'డెలివర్డ్'. ఆయన కళ్లు చెమర్చాయి. నాకూ ఒక లడ్డు ఇచ్చారు.

మరునాడు పొద్దున్నే మొదటి బస్సుకు తిప్పమ్మ దిగింది.

"మూటలు రాలేదు సార్."

"వచ్చినాయమ్మా. ఇదో, సూడు."

"నిన్న పొద్దుటి నుంచి వాకిట్లోనే కూసోనుండా సార్. మూడూ ఇరవైకి మా మేకపిల్ల తప్ప ఇంగేమీ రాలేదు."

"ఇల్లంతా బాగా ఎతికినావా?"

"నాలుగు మూటలు సార్, ముక్కుపుడక కాదు కనపడకుండా పోయేదానికి."

"అటక మీద?"

"మాకు అటక యాడుండాది సార్?"

గంగాధరప్పగారు కొంచెంసేపు ఆలోచించి ఫైల్లో రాసుకున్నారు: 'లబ్ధిదారుకు సరుకు నిల్వ చేసుకునే వసతి లేదు.' ఆ ముక్క రాశాక ఆయన మనసు కుదుటపడింది.

తిప్పమ్మ మాత్రం నా కౌంటరు అంచు గట్టిగా పట్టుకుని నిలబడింది. "కుళ్లాయప్ప రేపొక్క దినమే వస్తాడంట రామాంజులన్నా. ఆయప్పకూ సేనుండాది గదా. రేపు తప్పితే ఈ యేడు బీడే" అంది. చెంబుతో మంచినీళ్లు ఇచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి, "గుత్తి బస్సు ఎన్నింటికి?" అని అడిగింది.

ఎనిమిది గంటల బస్సుకు పోయింది. రెండు గంటల బస్సుకు తిరిగొచ్చింది, బస్సు టాపు మీద నాలుగు మూటలతో.

"ఆర్డరు సంగతి ఆడెవరికీ తెలీదన్నా. దుమ్ము పడ్తాదని కంప్యూటర్ గదికి తాళమేసినారంట. పాసుబుక్కు చూపిస్తే పావుగంటలో ఇచ్చినారు" అంది.

ఇంతలో గంగాధరప్పగారు రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. "డెలివరీ! డెలివరీ! కొంచెం నవ్వమ్మా!" ఫొటోగ్రాఫరు మూట నెత్తికెత్తుకున్న తిప్పమ్మను మూడు వైపుల నుంచి తీశాడు. మరునాడు పేపర్లో 'ముంగిట్లోకి ప్రభుత్వం' అని వచ్చింది. ఆ పేపరు వచ్చే వేళకు తిప్పమ్మ గొర్రు వెనక విత్తనం పోస్తూ ఉంది.

అక్కడితో ఆగి ఉంటే గంగాధరప్పగారు మామూలు ఆఫీసరుగా మిగిలిపోయేవారు. పక్క జిల్లా నలభై ఎనిమిది గంటల్లోనే డెలివరీ ఇస్తోందని మంత్రిగారు ఫోన్లో కేకలేశారు. ఆ వారమే మన జిల్లా ఇరవై నాలుగు గంటలకు దిగింది. పక్క జిల్లా పన్నెండు అంది. మనం ఆరు అన్నాం. ఆగస్టుకల్లా పది నిమిషాలైంది. లారీలు, గోదాములు, రోడ్లు అడ్డుపడకపోతే పాలన ఎంత వేగంగా సాగుతుందో నేను కళ్లారా చూశాను.

"ఇంకా తగ్గించలేరా?" అన్నారు మంత్రిగారు.

సెప్టెంబరులో గంగాధరప్పగారు ఆర్డరుకు ఒకరోజు ముందే డెలివరీ ఇవ్వడం మొదలుపెట్టారు.

గోరంట్ల నుంచి నరసింహప్ప అనే రైతు కార్డు పట్టుకుని వచ్చాడు. "సార్, నాకు మందు కొట్టే మిషన్ ముట్టిందని కార్డొచ్చింది. నేను అడగనే లేదే?"

"ముట్టిందంటే సంతోషించల్ల గానీ గొణుగుతావేమప్పా? రేపొచ్చి ఆర్డరు ఇచ్చిపో."

నరసింహప్ప మంచివాడు. మళ్లీ వచ్చి ఇచ్చిపోయాడు.

ఆ రోజుల్లోనే గుత్తి బస్సులు కిటకిటలాడటం మొదలైంది. రైతులు టాపు మీద కూడా కూర్చుని పోతున్నారు. రద్దీకి కారణం తెలియక ఆర్టీసీ వారు రెండు బస్సులు అదనంగా వేశారు. వాటికి పచ్చజెండా ఊపింది మంత్రిగారే.

అక్టోబరులో పథకానికి అవార్డు వచ్చింది. హైస్కూలు మైదానంలో షామియానా వేసి సభ పెట్టారు. మొదటి లబ్ధిదారుగా తిప్పమ్మను జీపులో పిలిపించారు. ఆ యేడు రెండు వానలు వేళకు పడి ఆమె చేను కాసింది. కాయ పీకుతున్న మనిషిని అలాగే ఎక్కించుకొచ్చినట్టున్నారు, కాళ్లకు ఎర్రమట్టి ఆరలేదు.

"ఈ సోదరికి ప్రభుత్వం తరఫున రెండు మూటల విత్తనం, ఒక పట్టుచీర!" అని ప్రకటించి మంత్రిగారు చేతులు చాపారు. చేతుల్లోకి ఏమీ రాలేదు. వెనక్కి తిరిగారు.

గంగాధరప్పగారు చెవిలో అన్నారు: "ఆన్‌లైన్లో తెప్పించినాం సార్. మొన్ననే డెలివరైనాయి."

మంత్రిగారిది ముప్పై ఏళ్ల ప్రజాజీవితం. ఒక్క క్షణమే తడబడ్డారు. తర్వాత రెండు చేతులూ బరువుగా ముందుకు చాచి, తిప్పమ్మ వైపు నవ్వుతూ అందించారు. కెమెరాలు మెరిశాయి. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. తిప్పమ్మ ఆ చేతులను చూసింది, మంత్రిగారి ముఖం చూసింది, తన చేతులు చాపి అందుకుంది.

గంగాధరప్పగారు రిజిస్టరు, సిరా డబ్బా ముందుకు జరిపారు. "ముట్టినట్టు ఏలిముద్ర ఎయ్యమ్మా."

తిప్పమ్మ బొటనవేలు చాపి, కాగితానికి జానెడు పైనే ఒకసారి గాలిలో నొక్కి, వెనక్కి తీసుకుంది.

"ఏసినా సార్."

"యాడమ్మా? కాగితం మింద ఏమీ పడలేదే!"

"కంప్యూటర్లో సూడండి సార్. పడింటాది."

గంగాధరప్పగారు నవ్వలేదు. హోంగార్డును నా బూతుకు పరుగెత్తించారు. వాడు రొప్పుకుంటూ తిరిగొచ్చి, శాల్యూట్ కొట్టి, పడిందన్నాడు.