పన్నెండుకు మించరాదు

ఆ గురువారం డెల్మర్ ఫ్రీసె పెట్టుకున్న పనులు రెండే. పొద్దున ఎనిమిదింటికి గెసీనా అత్త ఇంటికి వెళ్ళి, ఆమె మనసు నొచ్చుకోకుండా ఒక చేదు మాట చెప్పాలి. మధ్యాహ్నం ఒంటిగంటకు గుట్ట మీది సమాధుల తోట గేటుకు కొత్త బోర్డు బిగించాలి. రెండో పనికి సుత్తి, నాలుగు మేకులు చాలు. మొదటి పనికి కావలసిన ధైర్యం డెల్మర్ దగ్గర ఏనాడూ లేదు.

అయోవాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ప్లమ్ క్రీక్ టౌన్‌షిప్‌కు డెల్మర్ ట్రస్టీ. కంచెల తగాదాలు తీర్చడం, సమాధుల తోటను చూసుకోవడం ఆ పదవిలోని వైభవం. ముప్పై ఒక్క ఏళ్ళుగా తోటలో గడ్డి కోస్తున్నది అతనే. అర ఎకరం నేల, తొంభై రాళ్ళు, ప్రతి రాయి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో కత్తిరింపు. అరవై ఏడో ఏట ఆ మోకాళ్ళు రెండూ మొరాయించాయి.

సరిగ్గా అప్పుడే వెర్లీన్ రాష్ట్ర చట్టంలో ఒక ముక్క చూపించింది. వెర్లీన్ అతని భార్య, టౌన్‌షిప్ గుమాస్తా కూడా. ఈ నేలను మొదట దున్నినవాళ్ళు పడుకున్న పాత తోటలకు ‘తొలివాళ్ళ సమాధుల తోట’ అనే హోదా ఇస్తారు. హోదా వస్తే కౌంటీ కంచె వేస్తుంది, విరిగిన రాళ్ళు అతికిస్తుంది. పైగా ఆ తొలివాళ్ళ కాలంలో ఎలా ఉండేదో అలాగే గడ్డిని నడుమెత్తు పెరగనివ్వవచ్చు. చట్టం మొత్తంలో డెల్మర్‌కు కంఠతా వచ్చింది ఆ చివరి ముక్కే.

షరతు ఒకటుంది. గత యాభై ఏళ్ళలో ఆ తోటలో జరిగిన ఖననాలు పన్నెండుకు మించరాదు. రిజిస్టరులో లెక్కపెడితే సరిగ్గా పన్నెండు తేలాయి. బుధవారం కౌంటీ సంఘం నుంచి ఆమోదం వచ్చింది. దాని అడుగున, పదమూడోది జరిగిననాడు హోదా రద్దవుతుందని ఒక వాక్యం ఉంది. అది చదివాక గాని డెల్మర్‌కు గెసీనా అత్త గుర్తుకు రాలేదు.

పద్నాలుగేళ్ళ క్రితం ఐలర్ట్ మామయ్యను పూడ్చిన రోజున, ఆయన పక్క చోటు అత్తదేనని డెల్మర్ అందరి ముందూ మాటిచ్చాడు. అత్తకిప్పుడు ఎనభై ఎనిమిది. సోమవారం గుండె ఆపరేషన్. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దంటే అతను వెర్లీన్‌కు కూడా చెప్పలేదు. రిజిస్టరులోని పన్నెండింటిలో అన్నిటికంటే పాతది యాభై ఏళ్ళు నిండి లెక్కలోంచి జారిపోయేది వచ్చే మార్చి పద్నాలుగున. అందాకా అత్త ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. లేదంటే ఆమె మామయ్యను వదిలి పట్నంలోని తోటకు వెళ్ళాలి.

అత్త కప్పులో పటికబెల్లం ముక్క వేసి, దాని మీద వేడి టీ పోసింది.

"ఏంట్రా పొద్దున్నే దిగబడ్డావ్? గొడ్లేమైనా కంచె దాటాయా?"

"లేదత్తా. ఊరికే. ఆపరేషన్ గురించి అడుగుదామని."

"అడుగు."

డెల్మర్ కప్పు ఖాళీ చేశాడు. ఆమె మళ్ళీ నింపింది. ఆ ఇంట్లో మూడు కప్పులు తాగనిదే కుర్చీలోంచి లేవనివ్వరు.

"అది మార్చి దాకా వాయిదా వేయించుకుంటే ఏమవుతుంది?"

"పోతాను."

"మార్చికి ముందా, తర్వాతా?"

గెసీనా అత్త టీ కెటిల్ కింద పెట్టింది. "అసలేమడుగుతున్నావ్‌రా నువ్వు?"

"అంటే... పద్నాలుగో తేదీ దాటితే కాస్త బావుంటుందని. వాతావరణం."

"నాకు అక్టోబరే నయం. నేల మెత్తగా ఉంటుంది." ఆమె కిటికీలోంచి గుట్ట వైపు చూసింది. "భయం లేదనను. ఉంది. కానీ తేడా జరిగితే ఆయన పక్కకి పోతాను, అంతేగా? ఆ చోటుంది కాబట్టే సోమవారం వెళ్ళి ఆ బల్ల మీద పడుకుంటున్నాను. నువ్వు మాటిచ్చావు."

"ఇచ్చానత్తా," అన్నాడు డెల్మర్, మూడో కప్పులోకి చూస్తూ.

"సరే, లేవిక. పదింటికి నేను జుట్టు సర్దించుకోడానికి వెళ్ళాలి. ఇటు వచ్చినా అటు పోయినా తల బాగుండాలిగా."

దారిలో డెల్మర్ వెర్లీన్‌కు ఫోన్ చేశాడు. వెర్లీన్ అప్పుడు చర్చి నేలమాళిగలో ఆరుగురు ఆడవాళ్ళతో కలిసి బొంత కుడుతోంది. చేతులు ఖాళీ లేక ఫోనును బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా పెద్దగా ఉంచింది. డెల్మర్ ట్రక్కు వాగు పల్లంలోకి దిగుతోంది. అక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

డెల్మర్ అన్నది ఇది: "నేను చెప్పలేకపోయానే. అత్త మార్చి దాకా ఆగలేనంది. ఎవరికీ చెప్పొద్దంది గానీ, ఆమెకి గుండె ఆపరేషన్ సోమవారమే. చోటు సంగతి ఇవాళే తేల్చాలి. ఆరిన్‌కి మాత్రం చెప్పకు, వాడి నోట్లో మాట నిలవదు."

నేలమాళిగలో వినపడింది ఇది: "...అత్త మార్చి దాకా ఆగలే... సోమవారమే... చోటు సంగతి ఇవాళే... ఆరిన్‌కి మాత్రం చెప్ప..."

ఏడు సూదులు ఒక్కసారి ఆగాయి.

"అయ్యో, గెసీనా," అంది ఒకామె. "ఆదివారం ప్రార్థనలో నా పక్కనే కూర్చుందే."

"ఖననం సోమవారమంటే మూడు రోజులే టైముంది," అంది ఇంకొకామె. "శాండ్‌విచ్‌లకి హ్యామ్ ఇవాళే చెప్పేయాలి."

వెర్లీన్ కళ్ళు తుడుచుకుని, గోతులు తవ్వే ఆరిన్‌కు ఫోన్ చేసింది. పనిని రేపటికి ఉంచే మనిషి కాదు గనుక, టౌన్‌షిప్ రిజిస్టరు తెరిచి పన్నెండో పేరు కింద ‘13. గెసీనా మీస్టర్’ అని గుండ్రని అక్షరాలతో రాసింది. హోదా పోతుందని ఆమెకు తెలుసు. కానీ డెల్మర్ ఇచ్చిన మాట గడ్డికన్నా పెద్దదని తీర్మానించుకుంది. నిజానికి ఆ రోజు ఎవరైనా తీసుకున్న మంచి నిర్ణయం అదొక్కటే. తీసుకోవలసిన అవసరమే లేకపోవడం దాని లోపం.

ఆరిన్ శుక్రవారం నుంచి మొక్కజొన్న కోతల్లో ఉంటాడు. అందుకే గురువారమే పని ముగించేద్దామని పదకొండింటికల్లా ట్రాక్టర్‌తో గుట్టెక్కాడు. ఐలర్ట్ మీస్టర్ రాయి పక్కన మూడడుగులు తవ్వేసరికి ఇనుము ఖంగుమంది. తుప్పు పట్టిన చిన్న పెట్టె బయటపడింది. మూత తీసి చూసి, అంతే వేగంగా మూసేసి, ట్రాక్టరెక్కి కూర్చుని షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎందుకంటే పెట్టెలో చొక్కా చేయి ఉంది, అందులో చేయి కూడా ఉంది.

ఒంటిగంటకు డెల్మర్ సుత్తితో వచ్చేసరికి తోటకు పసుపు టేపు చుట్టేసి ఉంది. టేపు లోపల షెరీఫ్ డిప్యూటీ నిలబడ్డాడు. బయట రిజిస్టరుతో వెర్లీన్, ఆమోదం ఫైలుతో కౌంటీ సంఘం అధ్యక్షురాలు మాక్సీన్ ఉన్నారు. మాక్సీన్ నలభై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. తప్పు అరలో పెట్టిన పుస్తకం కనపడితే ఇప్పటికీ నిద్రపోదు.

"చాలా బాధగా ఉంది డెల్మర్, మీ అత్తగారు..." అంది మాక్సీన్.

"ఏమైంది మా అత్తకి?"

"అదేంటి, నువ్వేగా చెప్పావు!" అంది వెర్లీన్.

"నేనేం చెప్పాను?"

ఈ చిక్కుముడి ఇంకా విప్పుతుండగానే మాక్సీన్ ఫైలు మూసేసింది. "ముందు ఈ పెట్టె సంగతి. రిజిస్టరులో లేని అవశేషాలు దొరికాయంటే ఇది పదమూడో ఖననం. ఆ మాట అంటున్నందుకు నాకూ సంతోషంగా లేదు. హోదా రద్దు చేయక తప్పదు. పైగా రాష్ట్ర పురావస్తు అధికారి వచ్చి చూసేదాకా ఇక్కడ ఎవర్నీ పూడ్చడానికి లేదు."

డెల్మర్ మేకులు జేబులో వేసుకుని గేటు పక్కన కూలబడ్డాడు. గడ్డి కోత తప్పలేదు, మాటా నిలబడలేదు. రెండూ ఒకే పూట పోగొట్టుకోవడానికి అతను నిన్నటి నుంచీ ఎంతో జాగ్రత్తగా ఆలోచించాడు.

అప్పుడే ఒక పాత ట్రక్కు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. దాని వెనక భాగంలో గాజు పళ్ళేలు గలగల్లాడాయి; ఎవరైనా పోతే అక్కడివాళ్ళు ఆ ఇంటికి వంటలు అలాంటి వాటిలోనే పంపుతారు. చక్కగా సర్దిన తెల్ల జుట్టుతో గెసీనా అత్త దిగింది. ఆరిన్ ట్రాక్టర్ మీదే టోపీ తీసి గుండెలకు హత్తుకున్నాడు.

"నా వంటింట్లో ఏడు పళ్ళేలున్నాయి," అందామె. "అన్నిటిలోనూ బంగాళాదుంపలే. అడుగున ఎవరి పేరు వాళ్ళు అతికించారు కాబట్టి తిరిగిచ్చేద్దామని బయల్దేరాను. చర్చిలో మీరంతా ఇక్కడున్నారన్నారు. ఒకదాని మీద చీటీ కూడా ఉంది. నా చేతి టమాటా పచ్చడి మరిచిపోలేరంట. ముప్పై ఏళ్ళు చేసిపెడితే ఒక్కరన్నా ఆ మాటన్నారా?" ఆమె టేపు దాకా వెళ్ళి గోతి వైపు తొంగి చూసింది. "ఎవరికిరా ఇది?"

"మీకేనండీ," అన్నాడు ఆరిన్ వినయంగా.

ఇక తప్పించుకునే దారి లేక డెల్మర్ లేచి అంతా చెప్పేశాడు. పన్నెండు, పదమూడు, మార్చి పద్నాలుగు, మోకాళ్ళు. గెసీనా అత్త మొహం చిన్నబోయింది.

"అదా పొద్దున నువ్వన్న వాతావరణం?" అంది. "గడ్డి కోయలేక ఆయన్నించి నన్ను విడదీస్తావట్రా?"

డెల్మర్ తలెత్తలేకపోయాడు. మాక్సీన్ ఏదో ఒకటి చేయాలన్నట్టు రిజిస్టరు తీసుకుంది. తెరవగానే పదమూడో పేరు కంటపడింది.

"ఇదేంటి? ఈవిడ ఎదురుగా నిలబడి ఉంటే!" పెన్ను తీసి ఆ వరుస కొట్టేసింది. "బతికున్న మనిషిని నేను లెక్కలో రానివ్వను. ఎవరైనా సరే."

గెసీనా అత్త ఆ మాట విన్నదో లేదో, చూపంతా పెట్టె మీదే ఉంది. టేపు కిందుగా దూరి లోపలికి వెళ్ళిపోయింది. డిప్యూటీ వద్దనబోయాడు గాని, చిన్నప్పుడు ఆదివారం బడిలో అతని చెవి మెలిపెట్టింది ఆవిడే.

"ఇది చేపల గాలాల పెట్టె," అందామె. "నేను కొన్నదే. ఆయన పుట్టినరోజుకి. నదిలో పడిపోయిందని చెప్పాడు. నలభై ఏడేళ్ళు నమ్మాను!"

ఐలర్ట్ మామయ్యకు ఎడమ చేయి లేదన్నది టౌన్‌షిప్‌లో అందరికీ తెలుసు. కంకులు విరిచే యంత్రంలో పోయింది. ఆ చేయి ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు. అక్కడివాళ్ళు అలాంటివి అడగరు.

"ఆస్పత్రి మంచం మీంచే పాస్టరుగారికి చెప్పి పూడ్పించాడు," అంది గెసీనా అత్త. "ప్రార్థన చేసి పుస్తకంలో కూడా రాశారంట. ఎక్కడ పెట్టావయ్యా అని ఎన్నిసార్లడిగినా ఒకటే మాట, ‘నీకు చోటు పట్టి ఉంచాను’ అని. నేను చర్చికెప్పుడూ ఆలస్యంగా వెళ్ళేదాన్ని. ఆయన ముందెళ్ళి బెంచీ మీద టోపీ పెట్టి ఉంచేవాడు. ఇదీ ఆ పరాచికమే అనుకున్నాను." పెట్టె మూత మీద చేయి పెట్టింది. "నిజంగానే పట్టి ఉంచాడు."

ఆమె ఏడ్చింది. ఆరిన్ కూడా ఏడ్చాడు. డిప్యూటీ అటు తిరిగి పురావస్తు అధికారికి ఫోన్ చేశాడు. నూట యాభై ఏళ్ళ లోపు ఎముకలు తన పని కాదని ఆయన పెట్టేశాడు.

వెర్లీన్ మాక్సీన్ భుజం మీదుగా రిజిస్టరులోకి వంగింది. "డెబ్భై ఎనిమిది నవంబరు, ఐ. మీస్టర్. మళ్ళీ రెండువేల పదకొండులో ఐ. మీస్టర్."

"తండ్రీకొడుకులనుకున్నాను," అంది మాక్సీన్.

"మాకు పిల్లల్లేరమ్మా. ఇద్దరూ ఆయనే."

"చేతిని పూడ్చినా ఖననం ఖననమే కదా," అన్నాడు డిప్యూటీ. అతన్నెవరూ అడగలేదు.

గెసీనా అత్త కళ్ళు తుడుచుకుని మాక్సీన్ వైపు తిరిగింది. "ఇందాక ఏమన్నావు? బతికున్న మనిషిని లెక్కలో రానివ్వనన్నావుగా?"

"అన్నాను."

"మొదటిసారి రాసినప్పుడు ఆయన బతికే ఉన్నాడు. ఆ తర్వాత ముప్పై మూడేళ్ళు ఆ ఒంటిచేత్తోనే పొలం దున్నాడు. మరి నన్ను కొట్టేసిన పెన్నుతో ఆయన్నీ కొట్టెయ్."

మాక్సీన్ ఫైలు తెరిచి చట్టం చదివింది, మూసింది, మళ్ళీ చదివింది. చివరికి కళ్ళజోడు సర్దుకుని నవంబరు వరుస మీద స్కేలు పెట్టి గీత గీసింది. "ఎన్ని విడతలుగా వచ్చినా మనిషి ఒక్కడే. మొత్తం పదకొండు."

డెల్మర్‌కు లెక్క అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థం కాగానే రెండు చేతులూ పైకెత్తాడు. "అత్తా! అయితే నువ్వెప్పుడైనా పోవచ్చు!"

వెర్లీన్ అతని డొక్కలో పొడిచింది. గెసీనా అత్త మాత్రం పొద్దుటి నుంచీ మొదటిసారి నవ్వింది. పెట్టెను ఎక్కడిదక్కడే పెట్టించి, గొయ్యి పూడ్పించింది. మట్టి సర్దాక డెల్మర్‌ను దగ్గరికి పిలిచింది.

"ఆయనకి కాళ్ళకి గడ్డి తగిలితే చిరాకురా. తోటంతా నీ ఇష్టమొచ్చినట్టు పెంచుకో. మా ఇద్దరి చోటూ మాత్రం శుభ్రంగా ఉండాలి."

"చట్టం వద్దనదు," అంది మాక్సీన్.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. కొట్టువాళ్ళు వాపసు తీసుకోని హ్యామ్‌ను ఆడవాళ్ళు ఆమె ఇంటికే తీసుకొచ్చారు. మార్చి పద్నాలుగు వచ్చింది, పోయింది. గెసీనా అత్త ఎక్కడికీ పోలేదు. జూన్‌కల్లా తోటలో గడ్డి చట్టప్రకారం నడుమెత్తు లేచింది. దాని మధ్య ఆరడుగుల చోటుకు యంత్రం చేరే దారి లేక డెల్మర్ ప్రతి శనివారం కత్తెర పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంటున్నాడు. ట్రక్కులో కూర్చుని టీ తాగుతూ, ఎడమ మూల ఇంకా మిగిలిందని గెసీనా అత్త చెబుతూ ఉంటుంది.